పాఠ్య పథకంలో ‘ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు’: ఆ గడిలో నిజానికి ఏమి రాయాలి?

ప్రశ్న: గణిత ఉపాధ్యాయిని, ఉన్నత పాఠశాల, నల్గొండ జిల్లా

అందరికీ నమస్కారం. మనం రాసే పాఠ్య పథకంలో పీరియడ్ల విభజన, సాధించవలసిన విద్యా ప్రమాణాలు, బోధనాభ్యసన వ్యూహాలు, సామగ్రి, మూల్యాంకనం అన్నీ పూర్తయ్యాక చివర ‘ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు’ అని ఒక గడి ఉంటుంది. నా ప్రశ్న ఆ గడి గురించే. నేను చూసిన పథకాలలో చాలావరకు అక్కడ ‘విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు’, ‘ఆశించిన సామర్థ్యాలు సాధించారు’, ‘వెనుకబడిన విద్యార్థులకు మరింత అభ్యాసం అవసరం’ అనే మూడు వాక్యాలలో ఏదో ఒకటి ఉంటుంది. పాఠం ఏదైనా, తరగతి ఏదైనా, ఆ వాక్యం మాత్రం మారదు. కొందరైతే పాఠం చెప్పకముందే, పథకం రాసే రోజునే, ఆ గడిని కూడా నింపేస్తారు.

ఆరవ తరగతిలో దశాంశ భిన్నాల పోలిక చెప్పినప్పుడు, 0.45, 0.6 లలో ఏది పెద్దదని అడిగితే తరగతిలో ఎక్కువమంది 0.45 అన్నారు. వారిలో పన్నెండు ఎక్కాల నుంచి భాగహారాల దాకా అన్నీ చకచకా చేసే పిల్లలు కూడా ఉన్నారు. ‘0.45 పెద్దదని అధిక శాతం విద్యార్థులు భావిస్తున్నారు, కారణం తెలుసుకోవాలి’ అని నేను ఆ గడిలో రాశాను. తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి ఆ వాక్యం కింద గీత గీసి, పాఠం చెప్పాక కూడా పిల్లలకు రాలేదని మీ చేత్తో మీరే రాసుకుంటే ఎలాగమ్మా అని అడిగారు. స్టాఫ్ రూమ్‌లో తోటివారు కూడా ఆ గడిలో మంచి మాటలు రాసి, అసలు సంగతి మన మనసులో పెట్టుకోవడమే క్షేమమని సలహా ఇచ్చారు.

బీఈడీలో రిఫ్లెక్టివ్ టీచింగ్ (తన బోధనను తానే వెనుదిరిగి పరిశీలించుకోవడం) గురించి పరీక్షకు చదివాను గాని, పథకం రాయడంలో దాన్ని ఎలా వాడాలో ఎవరూ చూపించలేదు. నా సందేహాలు రెండు. ఆ గడిలో ఏమి రాస్తే నాకు, నా పిల్లలకు పనికివస్తుంది? రాసింది మరుసటి పాఠం పథకంలోకి ఎలా చేరుతుంది? సిలబస్ గడువు తరుముతున్నప్పుడు, రోజుకు ఐదారు పీరియడ్లు చెప్పేవారికి సాధ్యమయ్యే పద్ధతి చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత డైట్ (జిల్లా విద్యా శిక్షణా సంస్థ) అధ్యాపకుడు, గణిత బోధనా విభాగం

మేడమ్ గారూ, ఆ గడి ఖాళీ మాటలతో నిండడానికి కారణం ఉపాధ్యాయుల బద్ధకం కాదని మొదటే చెప్పాలి. పథకంలో పైభాగం ఎలా రాస్తామో దాన్నిబట్టే చివరి గడిలో రాయగలిగింది ఉంటుంది. పైన ‘విద్యార్థులు దశాంశ భిన్నాలను పోల్చగలుగుతారు’ అని మాత్రమే రాసి ఉంటే, పాఠం తర్వాత పోల్చగలిగారు లేదా పోల్చలేకపోయారు అని తప్ప మరొకటి రాయడానికి ఆస్కారమే లేదు. ముందుగా ఒక అంచనా వేసుకుంటేనే జరిగినదాన్ని దానితో సరిపోల్చుకొని ఆలోచించగలం.

మన శిక్షణ కళాశాలల్లో పథక రచన మీద ఇప్పటికీ హెర్బార్ట్ సోపానాల ప్రభావం గాఢంగా ఉంది. పంతొమ్మిదవ శతాబ్దపు జర్మన్ తాత్వికుడు హెర్బార్ట్ ఆలోచనలను ఆయన శిష్య పరంపర ఐదు మెట్లుగా స్థిరపరచింది. సన్నాహం, సమర్పణ, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం అని మనం కంఠస్థం చేసింది వాటినే. ఆ మెట్లు ఉపాధ్యాయుడు ఏమి చేయాలో వరుసగా చెబుతాయి గాని, పిల్లవాడు ఎక్కడ ఎలా ఆలోచించవచ్చో రాసుకోవడానికి వాటిలో ప్రత్యేకమైన చోటు లేదు. మనకు సంక్రమించిన పథకం నమూనా అటువంటిది. నమ్మకాన్ని ఆధారాలతో సరిచూసుకుంటూ, పట్టుదలగా, జాగ్రత్తగా పరిశీలించడమే తరచి చూసే ఆలోచన (రిఫ్లెక్టివ్ థాట్) అని జాన్ డ్యూయీ 1910లోనే రాశారు. 1983లో డొనాల్డ్ షాన్ దాన్ని వృత్తులకు అన్వయించి, పని జరుగుతుండగా చేసే ఆలోచన వేరు, పని ముగిశాక వెనుదిరిగి చేసే ఆలోచన వేరు అని విడదీశారు. పాఠం మధ్యలో ఒక పిల్ల ముఖం చూసి మీరు ఉదాహరణ మార్చారే, అది మొదటిది. సాయంత్రం పథకం ముందు కూర్చొని రాసేది రెండవది. మన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, ఆ తర్వాత 2009లో ఉపాధ్యాయ విద్య కోసం వచ్చిన చట్రం ఉపాధ్యాయుణ్ణి ఆలోచించే వృత్తినిపుణుడిగా చూడాలని చెప్పడం వెనుక ఈ ఆలోచనా ధారే ఉంది.

సిద్ధాంతం అంతటితో ఆపి మీ 0.45 దగ్గరకు వస్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

0.45 పెద్దదన్న పిల్లలు బిందువు తర్వాతి భాగాన్ని పూర్ణసంఖ్యగా చదువుతున్నారు. నలభై ఐదు ఆరు కంటే పెద్దది కాబట్టి ‘సున్నా పాయింట్ నలభై ఐదు’ కూడా ‘సున్నా పాయింట్ ఆరు’ కంటే పెద్దదని వారి తర్కం. ఇది అజ్ఞానం కాదు, ఐదవ తరగతి దాకా ఎప్పుడూ మోసం చేయని ఒక నియమాన్ని అది పనిచేయని చోటికి తీసుకురావడం. అయితే మీరు అడిగిన ప్రశ్నలో ఇంకొక చిక్కు ఉంది. ‘శతాంశాలు దశాంశాల కంటే చిన్నవి, కాబట్టి బిందువు తర్వాత ఎక్కువ అంకెలున్న సంఖ్య ఎప్పుడూ చిన్నదే’ అని అనుకొనే పిల్లలు కొందరుంటారు. వారు మీ ప్రశ్నకు 0.6 అని సరైన జవాబే చెబుతారు, మీరు వారిని అర్థమైనవారి జాబితాలో వేసుకుంటారు. వారిని పట్టుకోవాలంటే 0.3, 0.37 లలో ఏది పెద్దదని అడగాలి. అప్పుడు వారు 0.3 అంటారు. ఇంకా కొందరు రూపాయలు, పైసలుగా మార్చుకొని రెండు ప్రశ్నలకూ సరిగ్గా చెబుతారు. అటువంటివారు 0.453, 0.45 దగ్గరికి వచ్చేసరికి ఆ మూడవ అంకెను ఏమి చేయాలో తెలియక రెండూ సమానమంటారు. చివర సున్నా చేర్చి 0.60, 0.45 అని రాసుకొని పోల్చండి అనే చిట్కా పరీక్షలో మార్కులు తెచ్చిపెడుతుంది గాని, పైన చెప్పిన ఆలోచనలు ఏవీ మారకుండానే వాటిని కప్పేస్తుంది.

కాబట్టి పథకం రాసేటప్పుడే మూల్యాంకనం గడిలో ఈ మూడు జతలు పెట్టి, ఒక్కొక్క దాని పక్కన ‘ఏ తప్పు రావచ్చు, ఎందుకు రావచ్చు’ అని ఒక చిన్న వాక్యం రాయండి. జపాన్ ఉపాధ్యాయులు జుగ్యో కెన్‌క్యూ అనే పద్ధతిలో ఎన్నో దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. అక్కడ కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒకే పాఠానికి పథకం రాస్తారు. ఆ పథకంలో ప్రతి ప్రశ్న పక్కన పిల్లలు చెప్పగల జవాబులు, సరైనవీ తప్పువీ, ముందే ఊహించి రాస్తారు. ఒకరు బోధిస్తుంటే మిగతావారు వెనుక నిలబడి ఉపాధ్యాయుణ్ణి కాక పిల్లలను గమనిస్తారు. తరువాత అందరూ కూర్చొని, ఊహించినదానికీ జరిగినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో మాట్లాడుకుంటారు. మీరు ఒంటరిగా చేసినా సూత్రం ఒకటే. మీ ప్రతిస్పందనల గడిలో రాయవలసింది ఆ తేడానే. ‘మొదటి జతలో ఊహించిన తప్పు వచ్చింది, రెండవ జతలో వస్తుందనుకోలేదు గాని వచ్చింది’ అనే ఒక్క వాక్యం ‘ఉత్సాహంగా పాల్గొన్నారు’ అనే వాక్యాలు వంద కంటే ఎక్కువ పనిచేస్తుంది. పిల్లలు ఉత్సాహంగా ఉన్నారన్నది నిజమే కావచ్చు, కాని ఉత్సాహంగా చేతులెత్తిన పిల్లలే కదా ఆ రోజు 0.45 అన్నది.

జవాబు: ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడు), ఏకోపాధ్యాయ ప్రాథమిక పాఠశాల, మన్యం ప్రాంతం

మాస్టారు గారు చెప్పిన విషయం శిరోధార్యమే గాని, ఐదు తరగతులకు నేనొక్కడినే ఉన్నచోట ప్రతి పాఠానికి అన్ని జతలు, అన్ని ఊహలు రాయడం కుదరదని వినయంగా మనవి చేస్తున్నాను. కొన్ని శిక్షణలలో గిబ్స్ అనే ఆయన 1988లో చెప్పిన ఆరు దశల చక్రాన్ని ఫారంగా అచ్చువేసి ఇస్తున్నారు. జరిగినది, కలిగిన భావాలు, మంచి చెడులు, విశ్లేషణ, ముగింపు, తదుపరి ప్రణాళిక అని ఆరు గడులుంటాయి. ఆ చక్రం మంచిదే కావచ్చు, కాని ఆరు గడులు నింపాలన్న ఆరాటంలో అసలు పిల్లవాడు చేసిన తప్పు ఎక్కడో జారిపోతుంది. ‘కలిగిన భావాలు’ అన్న గడిలో ఏమి రాయాలో నాకైతే ఇప్పటికీ తోచదు.

నేను పాటించే పద్ధతి చాలా చిన్నది. ఒక రోజుకు ఒక్క తరగతిని, ఒక్క సబ్జెక్టును మాత్రమే ఎంచుకుంటాను. మధ్యాహ్న భోజనం పెట్టించాక పలకల మీద గాని నోట్సులో గాని కనిపించిన ఒక్క తప్పును ఉన్నది ఉన్నట్టుగా, పిల్లవాడు రాసిన తీరులోనే, పథకం వెనుక పేజీలో దించుకుంటాను. వ్యాఖ్యానం రాయను. అలా దించుకున్నవాటిలో తరచుగా కనిపించేది రెండవ, మూడవ తరగతుల తీసివేత. 52 నుంచి 27 తీసివేయమంటే 35 అని రాస్తారు. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేస్తారు, పదుల స్థానంలో 5 లోంచి 2 తీస్తారు. ఒక్కరు రాస్తే పొరపాటు అనుకోవచ్చు, వరుసగా అదే తప్పు కనిపిస్తుంటే అందులో ఏదో పద్ధతి ఉందని అర్థమవుతుంది. ‘ఎప్పుడూ పెద్దదానిలోంచి చిన్నది తీసివేయాలి’ అని ఒకటవ తరగతిలో మనందరం చెప్పే మాటనే ఆ పిల్లలు నమ్మకంగా పాటిస్తున్నారు. అంటే ఇక్కడ సరిదిద్దవలసింది మూడవ తరగతి పథకం ఒక్కటే కాదు, ఒకటవ తరగతి పథకంలో వాడే మాట కూడా. నాలాంటి ఏకోపాధ్యాయుడికి ఉన్న ఒకే ఒక్క సౌకర్యం ఏమిటంటే, ఆ రెండు పథకాలూ రాసేది నేనే, ఆ రెండు తరగతులూ ఒకే గదిలో కూర్చొనేవే.

మూడవ తరగతి పథకంలో కట్టెపుల్లల కట్టలను ముందుకు తెచ్చాను. ఐదు పదుల కట్టలు, రెండు విడి పుల్లలు చేతిలో పెట్టి ఇరవై ఏడు ఇమ్మంటే, విడి పుల్లలు చాలక పిల్లలే ఒక కట్ట విప్పుతారు. కట్ట విప్పినవారు 35 అని రాయడం తగ్గింది. ఒకటవ తరగతిలో మాత్రం ‘పెద్దదానిలోంచి చిన్నది’ అనే మాట మానేసి ‘ఉన్నదానిలోంచి తీసేయ్’ అంటున్నాను. దాని ఫలితం ఈ పిల్లలు మూడవ తరగతికి వచ్చినప్పుడే తెలుస్తుంది. మేడమ్ గారి ప్రశ్నకు నా జవాబు ఇంతే: పిల్లవాడి తప్పును మన మాటల్లోకి మార్చకుండా యథాతథంగా దించుకుంటే చాలు, దాన్ని ఎక్కడ వాడుకోవాలో అదే చెబుతుంది.

జవాబు: ప్రధానోపాధ్యాయుడు, ఉన్నత పాఠశాల, ఖమ్మం జిల్లా

ఇద్దరు చెప్పినదీ చదివాను. మేడమ్ గారు ప్రస్తావించిన తనిఖీ సంగతి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, కాని పాఠశాలల్లో ఆ గడి ప్రాణం తీస్తున్నది ఆ భయమే. అధికారికి చూపేందుకు ఒక పుస్తకం, నిజం రాసుకొనేందుకు మరొక డైరీ పెట్టుకోమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. నేను దానితో ఏకీభవించను. రెండు పుస్తకాలు పెట్టుకున్నవారు కొంతకాలానికి మొదటిది ఒక్కటే రాస్తారు. డైరీని ఎవరూ అడగరు కాబట్టి పనిభారం పెరిగినప్పుడు ముందుగా ఆగిపోయేది అదే.

అధికారికి అభ్యంతరం కలిగించేది పిల్లలకు రాలేదన్న మాట కాదని, దాని తర్వాత ఏమీ లేకపోవడమని నా అనుభవం. ‘కారణం తెలుసుకోవాలి’ అని రాసి ఆపేస్తే పని ఇంకా మొదలు కాలేదని ఎవరైనా అనుకుంటారు. అదే విషయాన్ని ఈ విధంగా రాసి ఉంటే చదివేవారి చూపు వేరుగా ఉండేది: ‘0.45 ను 0.6 కంటే పెద్దదిగా గుర్తించినవారు బిందువు తర్వాతి అంకెలను పూర్ణసంఖ్యగా చదువుతున్నారు. రేపటి పీరియడ్ మొదటి పది నిమిషాలలో వంద గళ్ల చతురస్రంలో 0.6 కు ఆరు నిలువు వరుసలు, 0.45 కు నాలుగు నిలువు వరుసలు, ఐదు విడి గళ్లు రంగు వేయించి, మళ్లీ అడగాలి.’ ఇందులో లోపం ఒప్పుకోవడం ఉంది, లోపానికి కారణం ఉంది, చేయబోయే పని ఉంది, దానికి పట్టే సమయం కూడా ఉంది. ఏ అధికారి అయినా దీని కింద గీత గీయడం కష్టం.

మరీ వాదన వస్తే చట్టం మన వైపే ఉంది. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులను చెబుతూ, నిర్ణీత కాలంలో పాఠ్యాంశాలన్నీ పూర్తి చేయాలని ఒక విధిగా పేర్కొంది. దాని పక్కనే, ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని మదింపు చేసి అవసరమైనంత అదనపు బోధన అందించాలని మరొక విధిగా పేర్కొంది. సిలబస్ పూర్తి చేయలేదని అడిగే హక్కు పైవారికి ఎంత ఉందో, పిల్లవాడికి ఏమి రాలేదో రాసి అదనపు బోధన ఇచ్చానని చూపే హక్కు మనకూ అంతే ఉంది. మదింపు చేశామనడానికి ఆ ప్రతిస్పందనల గడి కంటే మంచి సాక్ష్యం ఏముంటుంది?

ఇక ప్రధానోపాధ్యాయులకూ ఒక మాట. పథకాల మీద ‘చూడబడినది’ అని సంతకం పెట్టడంతో మన బాధ్యత తీరదు. సంతకం పెట్టేముందు చివరి గడి చదివి, మరుసటి పాఠం పథకం తిరగేసి, అందులో రాసినది ఇందులోకి వచ్చిందా అని చూడటానికి పట్టే సమయం చాలా తక్కువ. రాకపోతే మందలించనక్కర లేదు, ‘ఆ పది నిమిషాల పని ఎప్పుడు పెట్టుకున్నారు మేడమ్’ అని అడిగితే చాలు. చుట్టుపక్కల పాఠశాలల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలలో కూడా మాదిరి పాఠం తర్వాత ‘చాలా బాగా చెప్పారు’ అని చప్పట్లు కొట్టి టీ తాగి విడిపోయే బదులు, ఒకే అంశంలో నాలుగు పాఠశాలల పిల్లలు చేసిన తప్పులను బోర్డు మీద రాసి మాట్లాడుకోవచ్చు. ఏటా కనీసం యాభై గంటల నిరంతర వృత్తి వికాసం ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతున్నది కదా, ఆ గంటలలో కొన్నింటిని దీనికి వాడితే బయటి నుంచి నిపుణులు రానవసరం లేదు.

మన్యం మాస్టారు గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. వ్యాఖ్యానం లేకుండా తప్పును దించుకోవడం మంచి మొదటి అడుగే గాని, ఆయన రెండు తరగతులనూ తానే చూస్తున్నారు కాబట్టి ఆ తప్పు మూలం ఆయనకు స్ఫురించింది. ఉన్నత పాఠశాలలో ఆరవ తరగతికి పిల్లలు వేర్వేరు ప్రాథమిక పాఠశాలల నుంచి వస్తారు. అక్కడ ఏమి చెప్పారో మనకు తెలియదు. అందువల్ల ఇక్కడ తప్పు పక్కన ‘ఇలా ఎందుకు రాశావు’ అని అడిగినప్పుడు పిల్లవాడు చెప్పిన మాట కూడా రాసుకోవాలి. ఆ మాట లేకపోతే మనం ఊహించిన కారణమే కారణమని నమ్మేస్తాం.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. డైట్ మాస్టారు గారు చెప్పిన మూడు జతలను ఒక చీటీ మీద రాయించి, పక్కన కారణం కూడా ఒక వాక్యంలో రాయమన్నాను. మొదటి జతకు సరైన జవాబు రాసిన పిల్లలలో కొందరు రెండవ జతలో 0.3 పెద్దదని రాశారు, కారణంగా ‘0.37 లో ఎక్కువ ముక్కలు చేశారు కాబట్టి ముక్క చిన్నది’ అని రాశారు. వారికి పాఠం అర్థమైందనే అనుకొని వెనుక బెంచీలవారి మీద దృష్టి పెట్టి ఉన్నాను. ఒక అమ్మాయి మాత్రం మూడవ జత పక్కన ‘పైసలలో మూడో అంకె ఉండదు టీచర్’ అని రాసింది. ప్రధానోపాధ్యాయులు గారు సూచించిన నమూనాలో ప్రతిస్పందన రాసి పెట్టాను.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, తరగతిలో మూడు రకాల ఆలోచనలున్నాయి, వంద గళ్ల చతురస్రం మొదటి రకానికి సరిపోతుంది గాని అందరికీ ఒకే పని చేయిస్తే పీరియడ్ అంతా దానికే పోతుంది. తర్వాతి పాఠం దశాంశాల కూడిక. అక్కడికి వెళ్లిపోవాలా, ఆగాలా?

జవాబు: విశ్రాంత డైట్ అధ్యాపకుడు

ఆగవద్దు మేడమ్ గారూ. పోలిక దగ్గర తేలిన ఆలోచనలన్నీ కూడికలో మళ్లీ బయటపడతాయి కాబట్టి, ఆ పని కొంత అక్కడే చేయవచ్చు. ‘ముక్క చిన్నది’ అన్న పిల్లలకు ముక్క పరిమాణం తెలుసు, ఎన్ని ముక్కలు తీసుకున్నామన్నది వారు లెక్కలోకి తీసుకోవడం లేదు. వారిని విడిగా ఒక బెంచీకి చేర్చి ఒక చతురస్రంలో 0.3 కు ఒక రంగు, మరో చతురస్రంలో 0.37 కు ఇంకో రంగు వేయమంటే తేడా వారికే కనిపిస్తుంది. మిగతావారు లెక్కలు చేస్తున్న సమయంలోనే అది జరిగిపోతుంది. పైసల అమ్మాయికి డబ్బు నుంచి మీటరు టేపు వైపు మళ్లింపు కావాలి. 0.45 మీటరు అంటే నలభై ఐదు సెంటీమీటర్లు, 0.453 అంటే దాని మీద మరో మూడు మిల్లీమీటర్లు అని టేపు మీద వేలు పెట్టి చూపించమనండి.

కూడిక పాఠానికి పథకం రాసేటప్పుడు 0.6 + 0.45 ను మొదటి లెక్కగా పెట్టండి. బిందువు తర్వాతి అంకెలను పూర్ణసంఖ్యగా చదివే పిల్లవాడు ఆరు, నలభై ఐదు కలిపి 0.51 అని రాస్తాడు. అలా రాసినవారిని తప్పని వెంటనే చెప్పకుండా, ‘0.6 అంటే సగం కంటే ఎక్కువా తక్కువా, 0.45 అంటే దాదాపు సగమే కదా, రెండూ కలిస్తే ఒకటి దాటుతుందా’ అని అడగండి. ఆ ప్రశ్నను, ఎవరెవరు 0.51 రాయవచ్చని మీరు అనుకుంటున్నారో ఆ పేర్లను, పాఠానికి ముందు రోజే పథకంలో పెన్సిల్‌తో రాసి ఉంచుకోండి.